పిలువని పేరంటము

పిలువని పేరంటమునకు పోరాదని మన పెద్దలు చెప్పుదురు. ఆ మాటను చిన్ననాట విని, నలువదియైదవ యేటి వఱకు తు.చ. తప్పక పాటించినవారము మేము. శుభలేఖ చేతికందనిదే బంధువుల పెండ్లికైనను కదలము. ఆహ్వానపత్రము రాని సభలో వెనుకవరుసనైనను కూర్చుండము. ఇట్టి మేము 2025వ సంవత్సరము సెప్టెంబరు మాసమున, స్వగ్రామమున గాదు, ఇంగ్లండు దేశమున, ఒక విశ్వవిద్యాలయమునకు పిలువని పేరంటమునకు పోయినట్లు పోతిమి. ఆ పోకలో మాకు గలిగిన సిగ్గును, ఆ సిగ్గువలన తెలిసివచ్చిన యొక తప్పును చదువరులకు విన్నవించుకొనుటయే యీ వ్యాసమున మా యుద్దేశము.

మేము గుంటూరు జిల్లాలో నొక యున్నతపాఠశాలయందు ఉపాధ్యాయులము. బాల్యమున పంచకావ్యములు వల్లించితిమి. పిమ్మట ఇంగ్లీషులో పట్టము పుచ్చుకొంటిమి. ఈ రెండు భాషలును వచ్చినవాడు రెండు లోకముల మర్యాదలను ఎఱిగినవాడని మాకొక నమ్మకము. మా యక్కగారు లెస్టరు నగరమున కాపురముండి యిరువది యేండ్లు దాటినది. బావగారు కంప్యూటరు పనిలో నున్నారు. వారికొక్కతే కూతురు, పదునేడేండ్లది. దసరా సెలవులకు మఱికొన్ని దినముల సెలవును జేర్చుకొని, ఎన్నాళ్లనుండియో వాయిదా వేయుచు వచ్చిన ప్రయాణమును ఆ యేట నెఱవేర్చుకొంటిమి.

ఇంగ్లండులోని విశ్వవిద్యాలయములు ఏటేట వేసవియందును, ఆకులు రాలు కాలమునందును కొన్ని దినములు, చాలవఱకు శనివారములు, తమ తలుపులు తెఱచి, మఱుసటి యేట చేరగోరు బాలబాలికలను, వారి తలిదండ్రులను రప్పించుకొందురు. తరగతిగదులు, ప్రయోగశాలలు, గ్రంథాలయము, విద్యార్థులు నివసించు గదులు, భోజనశాల మొదలైనవానిని చూపుదురు. ఆచార్యులు తమ తమ శాస్త్రములను గుఱించి కొంతసేపు మాటలాడుదురు. చదువుచున్న విద్యార్థులే దారి చూపుదురు. దీనిని ఓపెన్ డే యందురు. దీనికి సాధారణముగా రుసుము లేదు. కాని ముందుగా పేరు నమోదు చేయించుకొని స్థానము కుదుర్చుకొనవలెను.

ఒక్కపూట చూచివచ్చుటలో నింత యేమున్నదని మొదట మేమును అనుకొంటిమి. విచారింపగా విషయము గట్టిదేయని తెలిసినది. అచ్చట మొదటి పట్టమునకు చేరగోరువారు యూకాస్ అను కేంద్రసంస్థ ద్వారమున ఒక్క దరఖాస్తు పంపుదురు. అందు అయిదు స్థానముల వఱకు కోరవచ్చును. తామీ శాస్త్రమును ఏల చదువగోరుచున్నారో తెలుపు స్వీయవివరణము మాత్రము అయిదింటికిని ఒక్కటియే. 2026వ సంవత్సరపు ప్రవేశములనుండి అది మూడు ప్రశ్నలకు సమాధానముగా నుండవలెను. అంతయు గలిసి 4,000 అక్షరములు మించరాదు. 2025–26 విద్యాసంవత్సరమునకు ఆ దేశపు విద్యార్థినుండి పుచ్చుకొనదగిన గరిష్ఠమైన రుసుము 9,535 పౌండులు. చాలమంది దీనిని అప్పుగా దెచ్చుకొందురు. 2023వ సంవత్సరపు శరత్తునుండి చేరిన ఇంగ్లండు విద్యార్థులు ఏటి యాదాయము 25,000 పౌండులు దాటిన భాగముపై నూటికి తొమ్మిది వంతున, నలువది యేండ్ల వఱకు తీర్చుచుండవలెను. పదునేడేండ్ల పిల్ల యేఱుకొను చదువు ఏబదియవ యేడు దాటినను వెంట వచ్చుచుండును. కావున ముందుగా ఆ చోటిని కన్నులార చూచుట, ఆ గురువుల మాట చెవులార వినుట విలాసము గాదు, అవసరము.

మేము లెస్టరు చేరిన రెండవనాటి రాత్రి మా మేనకోడలు మా గదికి వచ్చి, తలుపు దగ్గఱకు వేసి, మెల్లగా నిట్లనెను: “మామయ్యా, నాకు భాషాశాస్త్రం చదవాలని ఉంది. నాన్న కంప్యూటరే అంటారు. ఈ శనివారం ఒక యూనివర్సిటీలో ఓపెన్ డే ఉంది. రైల్లో గంట ప్రయాణం. నాన్నతో నువ్వు చెప్పవూ?”

ఆ దినము సోమవారము. మేము “చూద్దాంలే అమ్మా” అంటిమి.

చదువరులారా! తెనుగున ఈ “చూద్దాం” అను మాటవంటి సుఖకరమైన మాట వేఱొకటి లేదు. అది ఔననుట గాదు, కాదనుట గాదు. అడిగినవారికి ఆశ మిగులును. చెప్పినవారికి పని తప్పును. బావగారి యింట భుజించుచు, బావగారి పడకపై పరుండుచు, తండ్రికిని బిడ్డకును నడుమ జొరబడుట యెట్లని మేము మంగళవారము గడపితిమి. ఆయన యలసివచ్చినాడని బుధవారము గడపితిమి. గురువారము రాత్రి భోజనమైన పిమ్మట, ఏదో మాటలలో మాటగా కదపితిమి. ఆయన కోపపడుదురని మేమెంతయో వెఱచితిమి గాని, ఆయన తలయెత్తి, “చూసి రావడానికేం? వెళ్లి రండి” అని ఊరకుండిరి.

పిల్ల సంతోషముతో యంత్రము ముందఱ కూర్చున్నది. ఆ శనివారపు నమోదు ఆనాటి సాయంకాలము అయిదు గంటలకే ముగిసినదని తెరపై కనబడెను. ఆమె మమ్మొక మాటయు ననలేదు. యంత్రము మూసి, వంటయింటికి పోయి, తల్లికి సాయముగా పళ్లెములు తుడువసాగినది. ఆ నిశ్శబ్దమున మేము తలయెత్తలేకపోతిమి. ఇరువదిరెండేండ్లుగా పిల్లలకు కాలము విలువను గుఱించి వ్యాసములు వ్రాయించుచున్నవారము మేము!

“అయినను పోదము” అని శుక్రవారము మేమే యంటిమి. ఆమె సందేహించెను. మాకును ధైర్యము లేదు. కాని చేసిన తప్పునకు ప్రాయశ్చిత్తముగా సిగ్గుపడుటకైనను సిద్ధపడితిమి.

రైలులో మేము ఇంగ్లీషున నొక యుపన్యాసము సిద్ధము చేసికొంటిమి. “మహాశయా, ఈ బాలిక నిర్దోషి. ఈమె మేనమామ యలసత్వమువలన సంభవించిన లోపమునకు ఈమెను బాధ్యురాలినిగా జేయవలదని సవినయముగా ప్రార్థించుచున్నాను” అని మొదలిడి, మూడు నిమిషములు సాగునట్లు కూర్చితిమి. మా గురువుగారు నేర్పిన ప్రకారము ప్రతి వాక్యమును తూకము తప్పకుండ దిద్దుకొంటిమి. కిటికీ కావల తడిసిన పచ్చికబయళ్లు పోవుచున్నవి. పిల్ల తన జాకెట్టు అంచును మడచుచు విప్పుచు కూర్చున్నది.

ద్వారము దగ్గఱ రంగుచొక్కాలు దొడిగిన విద్యార్థులు నిలిచియున్నారు. వచ్చినవారు తమ తమ ఫోనులలోని గుఱుతును చూపుచు లోనికి పోవుచున్నారు. మా వంతు రాగా, తలకు రుమాలు చుట్టుకొన్న యొక యువతి చిఱునవ్వుతో చేయి చాచినది. మేము గొంతు సవరించుకొంటిమి. ఇంతలో మా మేనకోడలే ముందునకు వచ్చి, “మేము ముందుగా బుక్ చేసుకోలేదు” అని ఇంగ్లీషున నాలుగు మాటలలో చెప్పివేసినది.

“పరవాలేదు. నీ పేరేమి? ఏ శాస్త్రమును చూడవచ్చితివి? ఏ యేట చేరగోరుచున్నావు?” అని ఆ యువతి అడిగినది. మూడు సమాధానములును యంత్రమున వ్రాసికొని, ఒక పటమును, ఒక కాగితపు సంచిని చేతికిచ్చినది. “ఉపన్యాసములలో ముందుగా నమోదు చేసికొన్నవారికి మొదటి చోటు. మిగిలినచో మీకు. పది నిమిషములు ముందుగా పోయి తలుపు దగ్గఱ నిలువుడు” అని చెప్పి, మా వెనుకవారివైపు తిరిగినది. ఇదంతయు ఒక్క నిమిషమైనను పట్టలేదు. మా యుపన్యాసము గొంతులోనే నిలిచిపోయినది. ఆ వారమున మొదటిసారిగా పిల్ల పకపక నవ్వినది.

ఇచ్చట నొక సంగతి గమనింపదగినది. అచ్చట నియమము లేకపోలేదు. ఎందఱు వత్తురో తెలియనిదే గదులు కేటాయింపజాలరు. గదిలో పట్టుదానికంటె ఎక్కువమందిని కూర్చుండబెట్టుట ప్రమాదము. ముందుగా చెప్పినవారికి మొదటి చోటనుట న్యాయమే. కాని ఆ నియమము లోనికి వచ్చువారిని క్రమముగా రప్పించుటకు పుట్టినది గాని, రాకుండ జేయుటకు పుట్టలేదు. నియమము పాటింపనివాడు కడపట నిలుచుండును, అంతే. వాడు వెలియగుట లేదు.

భాషాశాస్త్రపు ఉపన్యాసశాల ముందఱ గోడ ప్రక్కన పదునొకండ్రము నిలిచితిమి. సమయమగుచుండగా ఒక విద్యార్థి లోపలి ఖాళీలను లెక్కించి వచ్చి, ఒక్కొక్కరిని పంపసాగెను. స్థానము కుదుర్చుకొని రానివారు కొందఱుండుటచే చోట్లు మిగిలినవి. బాలబాలికలను ముందు పంపి, పెద్దలను ఆపిరి. మా పిల్ల లోనికి పోయినది. తలుపు మూతపడినది. మేము నడవలోని బల్లపై కూర్చుంటిమి.

ఆ బల్లమీదనే మఱియొక తండ్రి కూర్చుండెను. ఆయన ఆ దేశపువాడే, బస్సు నడపువాడు. ఆయన కుమారుడును మా పిల్లవలెనే కడపట లోనికి పోయినవాడు. మీరును ఆలస్యము చేసితిరా యని మేము అడిగితిమి. ఆయన చెప్పిన సమాధానము మా మనసునుండి నేటికిని పోలేదు.

“ఆలస్యము గాదయ్యా. ముందుగా పేరు వ్రాయించుకొనవలెనని మాకు తెలియనే తెలియదు. మా యింట ఇట్టి చోటికి వచ్చినవారు ఇంతవఱకు లేరు. తలుపులు తెఱచియుంచెదమన్నారు గదా, తెఱచియుండునని వచ్చితిమి. ద్వారము దగ్గఱ అందఱును ఫోనులు చూపుచుండగా మావాడు సిగ్గుపడి బస్సు నిలుచు చోటికి తిరిగిపోవుచుండెను. ఆ పిల్లయే వెనుకనుండి పిలిచి తీసికొనివచ్చినది.”

నియమము తెలిసినవానికి అడ్డంకి గాదు, తెలియనివానికే యడ్డంకి. తాతలనాటినుండి కళాశాలలెఱిగిన యింటి పిల్లకు ఎప్పుడు, ఎచ్చట, ఏ కాగితమును చూపవలెనో ఊపిరి పీల్చుటంత తేలికగా తెలియును. ఆ యింట మొదటివాడై వచ్చినవానికి తలుపు తెఱచియున్నను గడప కనబడదు. వానికి కావలసినది తెఱచిన తలుపొక్కటియే గాదు. వెనుకకు మరలుచున్నప్పుడు పిలుచు గొంతొకటి కావలెను.

ఈ యాలోచనతో బల్లపై కూర్చుండగా, 2024వ సంవత్సరము జనవరి మాసపు ఉదయమొకటి మా కన్నులకు గట్టినది. ఆనాడు మా పాఠశాల ద్వారము దగ్గఱ ఒక కూలివాడు పదుమూడేండ్ల కూతురి చేయి పట్టుకొని నిలిచియుండెను. వారు శ్రీకాకుళమునుండి ఇటుకబట్టీ పనికై మా యూరికి వచ్చినవారు. ప్రవేశముల పుస్తకము ఆ యేట మా యధీనమున నుండెను. ఆతడు “బాబూ, పిల్లని ఏడో తరగతిలో కూకోబెట్టండి” అనెను. మేము బదిలీపత్రము తెచ్చితివా యని అడిగితిమి. లేదనెను. మా పాఠశాల ప్రకటనఫలకమును చేతితో చూపితిమి. ఆతనికి చదువు రాదు. ఆ పిల్లయే ఫలకమువైపు చూచి, “ప్రవేశములు ముగిసినవి” అని తప్పులేకుండ చదివి తండ్రికి వినిపించినది.

ఒత్తు అక్షరములను చక్కగా పలికినదని మేము మనసులో మెచ్చుకొంటిమి. మెచ్చుకొని, పాత పాఠశాలకు పోయి పత్రము తెమ్మని చెప్పి పంపివేసితిమి. శ్రీకాకుళము పోయి వచ్చుటకు ఆతనికెన్ని దినముల కూలి పోవునో లెక్కింపలేదు. వారు మరల రాలేదు. మేము మరల తలపలేదు.

ఆనాడు మేము కఠినముగా మాటలాడలేదు, కసరలేదు. మా మాటలన్నియు మర్యాదగానే యున్నవి. కాని చట్టము మా పక్షమున లేదు. 2010వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనున్న 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము ఆఱు మొదలు పదునాలుగేండ్ల వయసుగల బిడ్డలకు వర్తించును. బదిలీపత్రము తెచ్చుటలో ఆలస్యమైనదను కారణమున ప్రవేశము నిరాకరింపరాదనియు, ఆలస్యము చేయరాదనియు అందలి 5వ సెక్షను చెప్పుచున్నది. వయసును దెలుపు పత్రము లేదని నిరాకరింపరాదని 14వ సెక్షను చెప్పుచున్నది. గడువు దాటి వచ్చినను ఏ బిడ్డకును ప్రవేశము నిరాకరింపరాదని 15వ సెక్షను చెప్పుచున్నది. ఇవి మేమెఱుగనివి గావు. శిక్షణతరగతులలో వింటిమి. పరీక్షలో ప్రశ్న వచ్చిన పూర్తిమార్కులు తెచ్చుకొనగలము. కాని ఆ పిల్ల మా యెదుట నిలిచినప్పుడు మాకు జ్ఞాపకము వచ్చినది చట్టము గాదు, ఫలకము. ఆ ఫలకమును వ్రాయించినవారమును మేమే.

ఏటేట మేము తరగతిలో సత్యకామజాబాలుని కథ చెప్పుదుము. ఛాందోగ్యోపనిషత్తులోని యీ బాలుడు గోత్రము తెలియకయే గౌతముని కడకు పోయెను. ఆ కాలమున గోత్రమే ప్రవేశపత్రము. తల్లి చెప్పిన నిజమునే ఆతడు దాచక చెప్పగా, గురువు ఆ సత్యమునే పత్రముగా గ్రహించి చేర్చుకొనెను. ఈ కథ చెప్పునప్పుడు మా కంఠము గద్గదమగుచుండును. ఇటుకబట్టీ పిల్లను పంపివేసిన వారమున గూడ మేమీ కథ చెప్పియుందుమేమో! ఏడవ శతాబ్దమున నాలందకు వచ్చిన చీనాయాత్రికుడు హ్యూయన్‌త్సాంగు, అచ్చటి ద్వారపాలకులు ప్రశ్నలడిగి పదిమందిలో ఏడెనమండ్రను తిప్పిపంపుచుండిరని వ్రాసెను. వారు కఠినులే, కాని వారడిగినది విద్యను. మేమడిగినది కాగితమును. ఆ పిల్ల తన విద్యను మా ఫలకము చదివియే చూపినది.

ఇంగ్లండువారి తలుపులు మాత్రము ఎల్లప్పుడు నిట్లే తెఱచియుండెనని తలపరాదు. ఆక్సుఫర్డు, కేంబ్రిడ్జి, డర్హాము విశ్వవిద్యాలయములలో మతమునుబట్టి పెట్టిన యడ్డంకులను చాలవఱకు తొలగించిన చట్టము 1871వ సంవత్సరమున వచ్చినది. లండను విశ్వవిద్యాలయము స్త్రీలను పట్టములకు 1878లో అర్హులను జేసినది. ఆక్సుఫర్డు 1920లోను, కేంబ్రిడ్జి 1948లోను గాని వారికి పూర్ణమైన పట్టముల నొసగలేదు. 1874వ సంవత్సరమున వీరేశలింగముగారు ధవళేశ్వరమున బాలికాపాఠశాల స్థాపించిననాడు ఆక్సుఫర్డు, కేంబ్రిడ్జిలలో స్త్రీకి పట్టము లేదు. తలుపులు తమంతట తాము తెఱచుకొనవు. ప్రతి తలుపు దగ్గఱను లోపలినుండి గడియ తీసినవారొకరు ఉందురు.

ఇంతలో ఉపన్యాసము ముగిసి పిల్ల పరుగున వచ్చినది. “మామయ్యా, నేను మాట్లాడాను!” అని ఊపిరి తిరుగక చెప్పసాగినది. ఇంట ఇంగ్లీషు గాక వేఱు భాష మాటలాడువారెవరని ఆచార్యురాలు అడిగినదట. కొందఱు చేతులెత్తిరట. ఇంగ్లీషులో నొక్కటిగా నున్న మాట మీ భాషలో రెండుగా నున్న సందర్భము చెప్పుడనగా, మా పిల్ల లేచి, “తెనుగులో మేము వేఱు, మనము వేఱు” అన్నదట. మేము అన్నప్పుడు వినువాడు వెలుపల. మనము అన్నప్పుడు వినువాడు లోపల. ఆచార్యురాలు దానిని పలకపై వ్రాసి, ఈ భేదము ద్రావిడభాషలలో పెక్కింటను కలదని తక్కినవారికి వివరించినదట.

“ఇన్నాళ్లూ ఇది నాకు తెలుసునని నాకే తెలియదు మామయ్యా” అని ఆమె యనినది.

మేము మాఱుపలుకలేకపోతిమి. మేము శ్రమపడి చదివిన రెండు భాషలలోను, సంస్కృతమునను ఇంగ్లీషునను, ఈ భేదము లేదు. చదువకయే తల్లి యొడిలో నేర్చిన తెనుగున కలదు. తెనుగు సంస్కృతమునుండి పుట్టినది గాదని, దక్షిణభాషలది వేఱు కుటుంబమని ఎల్లిసుదొర 1816వ సంవత్సరమున, క్యాంబెలుదొర తెలుగు వ్యాకరణపు పీఠికకు జోడించిన వ్రాతలో నిరూపించెను. ఈ సంగతిని తిరుగు రైలులో ఆమెకు చెప్పితిమి. ఆమె తన పుస్తకమున వ్రాసికొన్నది. ఆ వారమున మేనమామగా మేము చేసిన పని ఆమెకు పనికివచ్చినది అదొక్కటియే.

ఆ రాత్రి బావగారితో దాచక చెప్పితిమి. సోమవారము చెప్పవలసిన మాట గురువారము చెప్పుట మా తప్పేయంటిమి. పిల్ల కోరిక చూచివచ్చుటతో తీరునది గాదనియు, చదువుటయే ఆమె కోరికయనియు చెప్పితిమి. ఆయన చాలసేపు పలుకలేదు. ఆయన భయము మేమెఱుగనిది గాదు. ఆయన తండ్రి మూడెకరములు తాకట్టుపెట్టి చదివించెను. ఆ తాకట్టు విడిపించువఱకు ఆయన కంటికి నిదురలేదు. “ఈ చదువుతో బతుకు గడుస్తుందా?” అని అడిగిరి. అది కఠినుడగు తండ్రి యడుగు ప్రశ్న గాదు. అప్పు రుచి చూచిన తండ్రి యడుగు ప్రశ్న. తుదకు, “అయిదింట్లో మూడు కంప్యూటరుకు, రెండు దీనికి పెట్టరాదూ?” అనిరి. స్వీయవివరణము అయిదింటికిని ఒక్కటేయని, రెండు పడవలలో కాలు పెట్టినట్లగునని పిల్ల వినయముగా చెప్పినది. ఆయన “చూద్దాం” అనిరి.

మా మాట మాకే యెదురుగా వచ్చి నిలిచినది. “బావగారూ, చూడటానికి ఒక తేదీ చెప్పండి” అని మేమంటిమి. ఆయనతో నట్లు మాటలాడుట అదియే మొదలు. అక్కగారు వంటయింటి గడపలో నిలిచిపోయిరి. ఆయన మావంక చూచి, పిల్లవంక చూచి, “సరే, వచ్చే ఓపెన్ డేకి నేనే వస్తాను” అనిరి. ఆ రాత్రియే మఱియొక విశ్వవిద్యాలయమున తలిదండ్రులకును పిల్లకును మూడు స్థానములు నమోదైనవి. గడువునకు ముందే, డిసెంబరు మాసమున, ఆమె దరఖాస్తు పంపినది. అయిదును భాషాశాస్త్రమునకే. పంపుటకు ముందు తండ్రి దానిని రెండుమాఱులు చదివి, ఒక వాక్యమును చిన్నది చేసికొమ్మని చెప్పెనట.

అక్టోబరు మొదట మేము స్వగ్రామము చేరితిమి. చేరిన మూడవనాడు ఇటుకబట్టీకి పోతిమి. వానకాలపు నీరు ఇంకను గుంటలలో నిలిచియున్నది; పని మొదలు కాలేదు. మేస్త్రిని విచారింపగా, ఆ కుటుంబము ఆ వేసవియే వెడలిపోయినదనియు, తరువాతి యేట మరల రాలేదనియు చెప్పెను. పిల్ల పేరు ఆతనికి తెలియదు. మాకును తెలియదు. అడుగలేదు గదా! అచ్చట ఆ యువతి మొదట నడిగిన ప్రశ్న “నీ పేరేమి” యనియే. ఇచ్చట మేము మొదట నడిగినది “పత్రమేది” యని.

ప్రధానోపాధ్యాయులవారి యనుమతితో ద్వారమునొద్ది ఫలకమును మార్చితిమి. ఇప్పుడందు “ఎప్పుడు వచ్చినను చేర్చుకొందుము, కాగితములు తరువాత తేవచ్చును” అని యున్నది. చదువురాని తలిదండ్రులకు ఆ ఫలకమువలన ప్రయోజనము లేదు గనుక, బట్టీలలో పని మొదలైన పిమ్మట ఒక ఆదివారము మేము నలుగురు ఉపాధ్యాయులము పోయి నోటితో చెప్పివచ్చితిమి. ఇద్దఱు బాలురు, ఒక బాలిక వచ్చి చేరిరి. ఇది గొప్ప కార్యము గాదు. చట్టప్రకారము ఏనాడో చేయవలసిన పని.

మఱియొక పని మిగిలియున్నది. మన యూళ్లలో పదవతరగతి ముగించిన పిల్లలలో ఎందఱో కళాశాల లోపలి భాగమును చేరిన దినముననే మొదటిసారి చూతురు. బెంగుళూరులోని భారతీయ విజ్ఞానసంస్థ ఏటేట ఒక దినము సామాన్యప్రజలకు తన ద్వారములు తెఱచి, ప్రయోగశాలలను చూపుచున్నది. అంత పెద్దసంస్థ చేయగల పనిని మన పట్టణములలోని కళాశాలలు చేయలేవా? ఏటికొక్క శనివారము చాలును. దారి చూపుటకు చదువుచున్న విద్యార్థులున్నారు. కావలసినది ధనము గాదు. ద్వారము దగ్గఱ నిలిచి పేరడుగువారొకరు, సిగ్గుపడి మరలిపోవువానిని పిలుచువారొకరు.

ఉపాధ్యాయసోదరులారా! ఈ వ్యాసమంతట మేము, మేము అని వ్రాసితిమి. తప్పు మాది గనుక ఆ మాట సరిపోయినది. చేయవలసిన పని మాత్రము మా యొక్కరిది గాదు. దానికి మన భాషలో వేఱు మాట కలదు. వచ్చు జూనులో పాఠశాలలు తెఱచునాడు మనము ద్వారము దగ్గఱ నొక బల్ల వేసికొని కూర్చుందము. వచ్చినవారిని మొదట పేరడుగుదము.